చెదలకు లీటర్లు, బొద్దింకలకు చుక్కలు: పెస్ట్ కంట్రోల్ కొటేషన్లను పోల్చే పద్ధతి

ముగ్గురిని పిలిచి కొటేషన్ అడిగితే మూడు రకాల అంకెలు వస్తాయి. ఒకరు చదరపు అడుగుకి ఇంత అంటారు. ఇంకొకరు డబుల్ బెడ్‌రూమ్ ఇంటికి మొత్తంగా ఇంత అంటారు. మూడోవారు ఏడాదికి మూడు సర్వీసులంటూ వాట్సాప్‌లో రంగురంగుల ప్యాకేజీ పంపిస్తారు. వాటిలో తక్కువది చూసి సరే అనేయడం మామూలే. కానీ ఏ పురుగుకి, ఏ మందు, ఎంత పరిమాణంలో, ఎన్నిసార్లు అన్న నాలుగు విషయాలూ కాగితం మీదకి రాకుండా రేట్లు పోల్చడమంటే, బస్తాలో ఎన్ని కిలోలున్నాయో చూడకుండా బియ్యం బేరమాడటమే.

ఈ నాలుగూ తేలితే కంపెనీ పేరు పెద్దదా చిన్నదా అన్న ప్రశ్న సగం తగ్గిపోతుంది. ముందుగా, ఈ వ్యాపారం ఎటు నడుస్తోందో కాస్త చూద్దాం. కొటేషన్‌లో కనిపించే మాటలు చాలావరకు అక్కడి నుంచి పుట్టినవే.

మార్కెట్ ఎటు పోతోంది

మన దేశంలో వ్యవస్థీకృత పెస్ట్ కంట్రోల్‌కి చాలా చరిత్రే ఉంది. పెస్ట్ కంట్రోల్ ఇండియా 1954లో మొదలైంది. 2017లో అది బ్రిటన్‌కి చెందిన రెంటోకిల్‌తో కలిసి జాయింట్ వెంచర్‌గా మారింది. అయినా వీధి మలుపులో ఒక స్కూటరు, రెండు స్ప్రేయర్లతో నడిచే చిన్న ఆపరేటర్లదే ఇప్పటికీ పెద్ద సంఖ్య. ఈ రెండింటి మధ్యలోకి ఫోన్‌లో బుక్ చేసుకునే యాప్‌లు వచ్చాయి.

పని పెరగడానికి ఇళ్లలో శుభ్రత మీద శ్రద్ధ ఒక్కటే కారణం కాదు. 2011 నాటి ఆహార భద్రతా లైసెన్సింగ్ నిబంధనల్లోని షెడ్యూల్ 4 ప్రకారం హోటళ్లు, బేకరీలు, ఆహార గోదాములు పురుగుల నియంత్రణ చేయాలి, దాని రికార్డూ ఉంచాలి. మందుల ఫ్యాక్టరీలకి విదేశీ ఆడిట్లు ఉంటాయి. ఎగుమతి కంటైనర్లలో చెక్క ప్యాలెట్లకి ఐఎస్‌పీఎం 15 (చెక్క ప్యాకింగ్ మీద అంతర్జాతీయ ప్రమాణం) ముద్ర కావాలి. అంటే చెక్క లోపలి భాగం 56 డిగ్రీల సెల్సియస్ దగ్గర 30 నిమిషాలు వేడెక్కాలి, లేదా మిథైల్ బ్రోమైడ్ పొగ పట్టాలి. ఇవన్నీ ఏడాది పొడవునా నడిచే పనులు. అందుకే పెద్ద కంపెనీల చూపంతా వార్షిక కాంట్రాక్టుల మీదే ఉంటుంది. మీ ఇంటికి వచ్చినప్పుడు కూడా వాళ్లు ముందు ఏఎంసీ, అంటే ఏడాది కాంట్రాక్టు కాగితమే తీస్తారు. అది మీకు కావాలా వద్దా అన్నది వేరే లెక్క, కిందికి వస్తే చెబుతాం.

రెండో మార్పు మందుల్లో వచ్చింది. ఒకప్పుడు నువాన్ పేరుతో ఊరూరా తెలిసిన డైక్లోర్‌వాస్ మీద కేంద్రం 2018లో ఉత్తర్వు ఇచ్చింది. 2020 డిసెంబరు 31 నుంచి అది పూర్తిగా నిషిద్ధం. చెదలకి వాడిన లిండేన్ 2013లోనే పోయింది. క్లోర్‌పైరిఫాస్ ఇంకా వాడుకలో ఉంది కానీ, 2025లో స్టాక్‌హోమ్ ఒప్పందపు (ప్రకృతిలో ఏళ్ల తరబడి మిగిలే విష రసాయనాల మీద దేశాల ఒప్పందం) నిర్మూలన జాబితాలోకి కొన్ని మినహాయింపులతో చేరింది. కొట్టగానే ఘాటు వాసన వచ్చే మందుల కాలం పోయి జెల్‌లు, వాసన లేని ద్రావణాలు, ఎర స్టేషన్లు వచ్చాయి. ఇప్పటికీ ఎవరైనా గుర్తు లేని సీసాలోంచి ఘాటైన మందు తీసి "ఇదైతే స్ట్రాంగ్ సార్" అంటే, అది నిషేధం తర్వాతి పాత సరుకో నకిలీయో అనుకోవాల్సిందే.

ఇక్కడే ఒక పొరపాటు కూడా పాకింది: వాసన లేదు కాబట్టి విషం కాదు అనుకోవడం. బొద్దింకలకి పెట్టే "హెర్బల్ జెల్" పెట్టె తిప్పి చూస్తే చాలా సందర్భాల్లో ఫిప్రోనిల్ 0.05 శాతమో, ఇమిడాక్లోప్రిడ్ 2.15 శాతమో కనిపిస్తుంది. అవి మంచి మందులే, చెట్టు నుంచి వచ్చినవి మాత్రం కావు. హెర్బల్ అన్న మాట కొటేషన్‌లో ఉంటే క్రియాశీల పదార్థం పేరు రాయమనండి. రాయలేకపోతే ఆ మాటని ధరలో లెక్కపెట్టకండి.

ఎవరిని పిలవాలి

మీ చేతులతో మీరే చేసుకోగలిగినవి కొన్ని ఉన్నాయి. వంటింట్లో కొద్దిపాటి బొద్దింకలు, చీమలు, రెండు మూడు చుంచులు, ఇంటి చుట్టూ నీటి నిల్వల్లో దోమ లార్వాలు. వీటికి దుకాణంలో దొరికే జెల్, బోను, నీళ్లు పారబోసే ఓపిక చాలు. నల్లులు, నేలలోంచి వచ్చే చెదలు, పొగ పెట్టే పని మాత్రం సొంతంగా చేయకూడదు.

స్థానిక ఆపరేటర్‌కి ఉన్న బలం ఏమిటంటే, వచ్చేది సాధారణంగా యజమానే. మందు కలిపేదీ ఆయనే, తర్వాత ఫోన్ ఎత్తేదీ ఆయనే. బలహీనత రికార్డు. ఏ మందు ఎంత కొట్టాడో కాగితం మీద ఉండదు, మందు సీసా కూడా అసలు డబ్బా నుంచి వేరే సీసాలోకి మారిపోతుంది. జాతీయ కంపెనీ దగ్గర కాగితాలు పక్కాగా ఉంటాయి, అయితే పని చేసేది ఆ నగరంలోని బ్రాంచో ఫ్రాంచైజీయో. ఒకే పేరు కింద ఒక ఏరియాలో పని బాగుండి ఇంకో ఏరియాలో నాసిగా ఉండటానికి కారణం అదే. కాబట్టి "మీ కంపెనీ ఎన్నేళ్లుగా ఉంది" అన్నదానికంటే "వచ్చే టెక్నీషియన్ మీ ఉద్యోగేనా, ఫ్రాంచైజీ మనిషా" అని అడగడం మేలు. యాప్‌లో సౌకర్యం ధర ముందే తెలియడం. ఇబ్బంది, ఇల్లు చూడకుండానే ధర కట్టడం. బొద్దింకల జెల్ పనికి ఇది సరిపోతుంది. చెదలకి సరిపోదు, ఎందుకంటే గోడ పొడవు కొలవకుండా ఎన్ని లీటర్లు కావాలో ఎవరూ చెప్పలేరు.

ఎవరైనా సరే, లైసెన్స్ అడగండి. 1968 క్రిమిసంహారక మందుల చట్టం, 1971 నిబంధనల కింద పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్ లైసెన్స్‌కి అగ్రికల్చర్ డిగ్రీ గానీ కెమిస్ట్రీ ఒక సబ్జెక్టుగా సైన్స్ డిగ్రీ గానీ ఉండాలి, దానితోపాటు గుర్తింపు పొందిన సంస్థలో శిక్షణ కావాలి. ఆ శిక్షణ ఇచ్చే సంస్థల్లో ఒకటి మన హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోనే ఉంది, ఇప్పటి పేరు ఎన్‌ఐపీహెచ్ఎం. జీఎస్టీ నంబరూ, దుకాణం ట్రేడ్ లైసెన్సూ చూపించి ఇవే లైసెన్సులంటే ఒప్పుకోకండి, అవి వేరు.

మందు డబ్బా మీద చూడాల్సినవి మూడు: క్రియాశీల పదార్థం పేరూ శాతం, కేంద్ర క్రిమిసంహారక మందుల బోర్డు రిజిస్ట్రేషన్ నంబరు, వజ్రం ఆకారంలో ఉండే రంగు గుర్తు. ఆ గుర్తులో ఎరుపు ఉంటే అత్యంత విషపూరితం, ఆ తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ. ఇళ్లలో పనికి నీలం, ఆకుపచ్చ మందులతోనే సరిపోతుంది. ఎరుపు గుర్తు డబ్బా ఇంట్లోకి వస్తే పని ఆపించాలి.

చెదలు: లెక్క కట్టగలిగిన ఏకైక పని

పెస్ట్ కంట్రోల్‌లో కొనేవాడు టేపు పట్టి తనిఖీ చేయగలిగిన పని ఇదొక్కటే. మోసం ఎక్కువగా జరిగేది కూడా ఇక్కడే.

భారత ప్రమాణం ఐఎస్ 6313 రెండో భాగం కట్టబోయే ఇళ్లకి, మూడో భాగం కట్టేసిన ఇళ్లకి. కట్టేసిన ఇంట్లో గ్రౌండ్ ఫ్లోర్ గోడ, గచ్చు కలిసే మూలలో 300 మిల్లీమీటర్లకి ఒకటి చొప్పున 12 మిల్లీమీటర్ల రంధ్రాలు వేయాలి. మందు ఇక లోపలికి పోనంతవరకూ, లేదా రంధ్రానికి గరిష్ఠంగా ఒక లీటరు వరకూ ఎక్కించాలి.

దీన్ని ఒక గదికి వేసి చూద్దాం. 10 అడుగుల వెడల్పు, 12 అడుగుల పొడవు గది. నాలుగు గోడలూ కలిపి 44 అడుగులు, తలుపు దగ్గర 3 అడుగులు తీసేస్తే 41 అడుగులు, అంటే పన్నెండున్నర మీటర్లు. 300 మిల్లీమీటర్లకి ఒకటి చొప్పున దాదాపు 42 రంధ్రాలు. రంధ్రానికి లీటరు చొప్పున గరిష్ఠంగా 42 లీటర్ల ద్రావణం. ఇమిడాక్లోప్రిడ్ 30.5 శాతం మందుని లీటరు నీటికి 2.1 మిల్లీలీటర్లు కలుపుతారు, కాబట్టి ఈ గదికి దాదాపు 88 మిల్లీలీటర్ల మందు. అదే బైఫెన్‌థ్రిన్ 2.5 శాతం అయితే లీటరుకి 20 చొప్పున 840 మిల్లీలీటర్లు. క్లోర్‌పైరిఫాస్ 20 శాతం అయితే ఒక పాలు మందుకి 19 పాళ్లు నీళ్లు, అంటే రెండు లీటర్లకి పైగానే.

నేల గట్టిగా ఉంటే కొన్ని రంధ్రాలు లీటరు తాగవు, అది సహజం. కానీ మూడు గదులు, హాలు, వంటిల్లు ఉన్న గ్రౌండ్ ఫ్లోర్ ఇంటికి 100 మిల్లీలీటర్ల ఒక్క సీసా, 5 లీటర్ల స్ప్రేయర్ పట్టుకుని వచ్చి రెండు గంటల్లో పని ముగిస్తే, రంధ్రాలు వేసినట్టే గానీ మందు వేసినట్టు కాదు. అందుకే కొటేషన్‌లో "మొత్తం రన్నింగ్ మీటర్లు, రంధ్రాల సంఖ్య, వాడే మందు, మొత్తం మిల్లీలీటర్లు" అని రాయించండి. సీల్ ఉన్న డబ్బా మీ ముందే తెరవమని, ఖాళీ డబ్బాలు లెక్కపెట్టనివ్వమని అడగండి. నిజాయతీగా పని చేసేవాళ్లకి దీంతో ఇబ్బంది ఉండదు.

ఇంటి బయట చుట్టూ కాంక్రీటు గచ్చు ఉంటే అక్కడా గోడకి ఆనుకుని 300 మిల్లీమీటర్లకి ఒక రంధ్రం వేసి, మీటరుకి 2.25 లీటర్లు పోయాలి. చాలా కొటేషన్లలో ఈ బయటి వలయం కనిపించదు. ధర తక్కువగా కనిపించడానికి మొదటి కారణం అదే.

కట్టబోయే ఇల్లయితే పని చాలా చవక, పట్టు చాలా ఎక్కువ. గచ్చు పోసే ముందు మట్టి మీద చదరపు మీటరుకి 5 లీటర్లు, పునాది గోడల పక్కన నిలువు తలానికి చదరపు మీటరుకి 7.5 లీటర్లు. వెయ్యి చదరపు అడుగుల ప్లింత్‌కి ఒక్క మట్టి తలానికే 465 లీటర్లు, అంటే ఇమిడాక్లోప్రిడ్ ఒక లీటరు దాకా. వాన పడుతున్నప్పుడో, మట్టి తడిసి బురదగా ఉన్నప్పుడో కొట్టిన మందు ఇంకదు. కొట్టిన తర్వాత ప్లంబర్ వచ్చి పైపు కోసం మళ్లీ తవ్వితే అక్కడ మందు వలయం తెగినట్టే, ఆ చోట తిరిగి మందు పోయాలి. మేస్త్రీకి ఈ మాట ముందే చెప్పకపోతే పది సంవత్సరాల గ్యారంటీ కాగితానికే పరిమితమవుతుంది.

ఇక మందు ఎంపిక. బైఫెన్‌థ్రిన్ లాంటివి చెదలని తరిమేస్తాయి. వలయం నిండుగా ఉంటే లోపలికి రావు, ఎక్కడైనా సందు మిగిలితే సరిగ్గా ఆ సందు వెతుక్కుని వస్తాయి. ఇమిడాక్లోప్రిడ్, ఫిప్రోనిల్ రెండింటినీ చెదలు పసిగట్టలేవు. వాటిమీదుగానే నడిచి వెళ్లి, ఒకదాన్నొకటి తాకినప్పుడు మిగతావాటికీ అంటిస్తాయి. కట్టేసిన ఇంట్లో వలయం పూర్తిగా నిండటం కష్టం కాబట్టి అక్కడ రెండో రకమే మంచిది. క్లోర్‌పైరిఫాస్ చవక, వాసన ఎక్కువ. పిల్లలున్న ఇంట్లో దాన్ని ఒప్పుకోవాల్సిన అవసరం కనిపించడం లేదు.

ఎర పెట్టే పద్ధతి మూడోది. స్టేషన్లలో చెక్క లేదా సెల్యులోజ్‌తో పాటు చర్మం మార్చుకోనివ్వని మందు పెడతారు. చెదలు తిని పుట్టకి మోసుకెళ్తాయి, మెల్లగా మొత్తం గుంపు చస్తుంది. దీనికి వారాలు కాదు, నెలలు పట్టవచ్చు. క్రమం తప్పకుండా వచ్చి చూడాలి కాబట్టి ఖర్చూ ఎక్కువే. పాలరాయి పగలగొట్టలేని ఇల్లు, గచ్చు కింద హీటింగ్ గానీ నీటి పైపులు గానీ ఉన్న గది, పాత చెక్క పనితనం ఉన్న భవనం అయితే ఇదే దారి. మామూలు గచ్చు ఇంటికి ఇది అనవసరపు ఖర్చు.

ఒక హెచ్చరిక. తలుపు చట్రం కింద మట్టి గొట్టాలు కాకుండా, గసగసాల్లాంటి గట్టి గింజలు రాలుతుంటే అవి పొడి చెక్క చెదలు. అవి నేలలోంచి రావు. గచ్చుకి ఎన్ని రంధ్రాలు వేసినా ఉపయోగం లేదు, ఆ చెక్కలోకే మందు ఎక్కించాలి లేదా చెక్కే మార్చాలి. తేడా చూడకుండా డ్రిల్లు తీసేవాడిని తిప్పి పంపేయొచ్చు. మూడో అంతస్తు ఫ్లాట్‌కి గచ్చు డ్రిల్లింగ్ కొటేషన్ ఇచ్చేవాడిని కూడా అంతే. పై అంతస్తుల్లో చెదలు వచ్చేది కరెంటు డక్టు, పైపుల షాఫ్టు, చెక్క చట్రాల వెంట. పని అక్కడ జరగాలి.

డ్రిల్లింగ్ వల్ల వచ్చే నష్టాలూ ఉన్నాయి. గచ్చులో పోయే నీటి పైపు పగలడం, గోడలో వైరు తెగడం, బాత్రూమ్ వాటర్‌ప్రూఫింగ్ పాడవడం. పైపుల నక్షా ఉంటే ముందే ఇవ్వండి, లేకపోతే నల్లాలున్న గోడలు గుర్తు పెట్టండి. బాత్రూమ్ లోపలి మూలలు వద్దని, అవతలి వైపు నుంచే వేయమని చెప్పండి. రంధ్రాలు తెల్ల సిమెంటుతో మూసే పని ఎవరిదో కూడా కొటేషన్‌లో ఉండాలి.

బొద్దింకలు, నల్లులు, ఎలుకలు

వంటింట్లో చిన్నవి, లేత గోధుమ రంగువి, మెడ మీద రెండు నల్ల గీతలున్నవి జర్మన్ బొద్దింకలు. బాత్రూమ్ జాలీలోంచి వచ్చే పెద్ద ఎర్రవి అమెరికన్ బొద్దింకలు. మొదటి రకానికి జెల్, రెండో రకానికి డ్రైనేజీ, మ్యాన్‌హోల్ దగ్గర స్ప్రే. రెండింటికీ ఒకటే చికిత్స అంటే ఒకదానికి పని జరగలేదన్నమాట.

జెల్ పెట్టే తీరు చూస్తేనే పనితనం తెలుస్తుంది. శనగలంత ముద్దలు నాలుగు పెట్టేవాడికంటే బియ్యపు గింజంత చుక్కలు అరవై పెట్టేవాడు మేలు. చుక్కలు ఉండాల్సింది అల్మరా బందుల మూలల్లో, సింకు కింద పైపు గోడలోకి పోయే చోట, ఫ్రిజ్ మోటారు పక్కన, మిక్సీ కింద. వేడెక్కే తలం మీద పెడితే కారిపోతుంది. మరో తప్పు ఇంటివాళ్లది: జెల్ పెట్టించాక వారానికే ఇంట్లో స్ప్రే డబ్బా కొట్టడం. స్ప్రే వాసన తగిలిన జెల్‌ని బొద్దింక ముట్టదు, డబ్బు రెండు వైపులా దండగ.

జర్మన్ బొద్దింక గుడ్ల సంచిలో 30 నుంచి 40 గుడ్లుంటాయి, పొదిగేవరకూ తల్లి దాన్ని మోసుకు తిరుగుతుంది. తల్లి ఎర తినేలోపే పొదిగిన పిల్లల కోసం రెండు మూడు వారాల తర్వాత ఒకసారి వచ్చి చూడటం అవసరం. ఆ రెండో రాక ధరలోనే ఉందా లేదా అన్నది కొటేషన్లలో మొదట పోల్చాల్సిన గీత.

నల్లుల విషయంలో ఒక్కసారి పని చేసి గ్యారంటీ ఇస్తామనే మాట నమ్మకండి. గుడ్లు మందుకి చావవు, వారం పది రోజుల్లో పిల్లలవుతాయి. కనీసం రెండు రాకలు, మధ్యలో పది నుంచి పద్నాలుగు రోజులు ఉండాలి. హాస్టళ్లలో, పీజీల్లో పైరెథ్రాయిడ్ తరగతి మందులకి (డెల్టామెత్రిన్ లాంటివి) లొంగని నల్లులు పెరిగాయి. మొదటిసారి డెల్టామెత్రిన్ కొట్టి తగ్గకపోతే, రెండోసారి అదే మందు ఎక్కువ మోతాదులో కొట్టడం తప్పు, వేరే తరగతి మందు గానీ ఆవిరి గానీ వాడాలి. మంచం విప్పకుండా పరుపు మీద కొట్టి పోయేవాళ్లు చవకగానే వస్తారు. మంచం జాయింట్లు, స్క్రూ రంధ్రాలు, స్విచ్‌బోర్డు వెనక, కర్టెన్ మడతలు అన్న మాటలు పని జాబితాలో ఉంటే ఆ కొటేషన్ కొంచెం ఎక్కువైనా తీసుకోవచ్చు. ఒక గది ఒక్కదానికే కొట్టించుకుని పక్క గదిని వదిలేస్తే నల్లులు గోడ దాటి వెళ్లి తిరిగొస్తాయి.

ఎలుకలకి బ్రోమాడియోలోన్ 0.005 శాతం కేకులు వాడతారు. తిన్న నాలుగైదు రోజులకి చస్తాయి, ఎక్కడ చస్తాయో చెప్పలేం. ఫాల్స్ సీలింగ్ ఉన్న ఇంట్లో విషం పెడితే కుళ్లు వాసన వారాల తరబడి ఉంటుంది. లోపల బోనులు, బయట తాళం వేసిన ఎర పెట్టెలు అన్న పద్ధతి సరైనది. జిగురు అట్టల మీద కొన్ని రాష్ట్రాలు నిషేధ ఉత్తర్వులు ఇచ్చాయి, ఎలుక అతుక్కుని రోజుల తరబడి గిలగిల్లాడటం చూసినవాళ్లకి కారణం చెప్పనక్కర్లేదు. ఏ పద్ధతైనా సందులు మూయకుండా ఫలితం ఉండదు. పెన్ను దూరే కన్నం చుంచు దూరడానికి చాలు. కన్నాల్లో ఉక్కు పీచు కుక్కి సిమెంటు పూయడం ధరలో ఉందేమో చూడండి.

దోమలకి ఫాగింగ్ గురించి ఒక్క మాట. పొగ ఆ సమయంలో ఎగురుతున్న దోమలనే చంపుతుంది. నీటిలో లార్వా మిగిలితే వారానికి కొత్తవి తయారు. అపార్ట్‌మెంట్ సంఘం డబ్బు పెట్టాలనుకుంటే సంపులు, సన్‌షేడ్లు, కూలర్లు, లిఫ్ట్ గుంతలు వారానికోసారి చూసే మనిషికి పెట్టడం మంచిది.

ఒక్కసారి పనా, ఏడాది కాంట్రాక్టా

ఏడాదికి మూడు సర్వీసుల ఏఎంసీ అంటే సర్వీసుకీ సర్వీసుకీ నాలుగు నెలలు. జర్మన్ బొద్దింక రెండు నెలల్లో ఒక తరం దాటుతుంది. అంటే మధ్యలో రెండు తరాలు పెరిగే వ్యవధి ఉంది. కాబట్టి ఏఎంసీ విలువంతా మధ్యలో పిలిస్తే వచ్చే ఉచిత రాకల్లోనే ఉంది. ఎన్నిసార్లు, ఎన్ని గంటల్లోపు అన్నది రాసి లేకపోతే అది ఏఎంసీ కాదు, మూడు పనులకి ముందే ఇచ్చిన డబ్బు.

పక్కింటి వంటింట్లోంచి బొద్దింకలు వచ్చే అపార్ట్‌మెంట్‌లో ఏఎంసీ పనికొస్తుంది, అదీ ఫ్లాట్లన్నీ కలిసి తీసుకుంటే ఇంకా బాగా పనికొస్తుంది. విడి ఇంట్లో చీమలు, కొద్దిపాటి బొద్దింకలకి ఒక్కసారి పని, రెండో రాకతో సరిపోతుంది. చెదలకి ఏఎంసీ వద్దు, ఏటా ఒకసారి వచ్చి చూస్తామన్న వారంటీ కావాలి. అందులో "మళ్లీ వస్తే ఆ చోట ఉచితంగా మందు" అనే ఉంటుంది తప్ప, తినేసిన తలుపుకి డబ్బు ఇస్తామని ఉండదు. దాన్ని చదివే సంతకం పెట్టండి. ధర పోల్చేటప్పుడు 18 శాతం జీఎస్టీ కలిపా విడిగానా అన్నదీ చూడాలి, సగం కొటేషన్లు చవకగా కనిపించేది ఆ ఒక్క గీత దగ్గరే.

హోటల్, గోదాము నడిపేవారికి

ఇక్కడ కొనేది మందు కాదు, రికార్డు. నంబర్లు వేసిన ఎర పెట్టెల మ్యాపు, ప్రతి రాకలో ఏ పెట్టెలో ఎంత తిన్నాయో రాసిన షీటు, వాడిన మందుల లేబుళ్లు ఉండాలి. ఆడిటర్ అడిగేది ఇవే. ఈగల కోసం పెట్టే ట్యూబులైటు యంత్రాల్లో కరెంటు కొట్టి చంపే రకం వంట చేసే చోట వద్దు, పురుగు ముక్కలు ఎగిరి పడతాయి. జిగురు అట్ట ఉన్నది పెట్టాలి. బయట నుంచి కనిపించేలా గుమ్మానికి ఎదురుగా పెడితే బయటి ఈగలని మీరే పిలిచినట్టు. ట్యూబు వెలుగుతూనే ఉన్నా ఏడాదికి దాని అతినీలలోహిత శక్తి తగ్గిపోతుంది, మార్చిన తేదీ దాని మీదే రాసి ఉండాలి.

ఇప్పుడు కొత్తగా అమ్ముతున్నది ఎలుక పడగానే ఫోన్‌కి మెసేజ్ పంపే బోనులు. వందల పెట్టెలున్న గోదాముకీ, మందుల ఫ్యాక్టరీకీ మనుషుల తిరుగుడు తగ్గి లాభమే. ఇరవై కుర్చీల హోటల్‌కి ఆ డబ్బుతో వెనక తలుపు కింద సందుకి రబ్బరు పట్టీ, డ్రైనేజీకి జాలీ వేయించుకోవడం మేలు.

ధాన్యం గోదాముల్లో వాడే అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్లల గురించి గట్టిగానే చెప్పాలి. తేమ తగలగానే ఫాస్ఫీన్ వాయువు వస్తుంది, దానికి విరుగుడు లేదు. నివాసం ఉండే భవనంలో, పక్క ఫ్లాట్ ఖాళీగా ఉందన్న నెపంతో కూడా, నల్లులకో చెదలకో ఈ బిళ్లలు పెట్టనివ్వకండి. గోడ పగుళ్లలోంచి, పైపుల దారిలోంచి పక్క ఇంట్లో నిద్రపోతున్నవాళ్ల గదిలోకి వెళ్తుంది. ఈ బిళ్లలు ఇంటి పనికి సలహా ఇచ్చే ఆపరేటర్‌ని ఎంత తక్కువ ధరకైనా రానివ్వకూడదు. ఇక గోదాము లెక్కల్లో ఒక మార్పు: వ్యవసాయ ఉత్పత్తుల గోదాముల్లో పొగ పెట్టే పనికి ఉన్న జీఎస్టీ మినహాయింపు 2022 జూలై 18 నుంచి పోయింది. పాత రేట్లతో పోల్చేటప్పుడు అది గుర్తుంచుకోండి.

పని రోజున

చేపల తొట్టి ఉంటే గాలి పంపు ఆపి, తడి గుడ్డతో పూర్తిగా మూయాలి. పైరెథ్రాయిడ్లు మనుషులకంటే చేపలకి ఎన్నో రెట్లు విషం, పిల్లులకీ మంచివి కావు. స్ప్రే పని ఉన్న గదుల్లోంచి పిల్లల్ని, జంతువుల్ని మూడు నాలుగు గంటలు బయట ఉంచి, తడి ఆరాకే లోపలికి తేవాలి. జెల్ పనికి ఇదేమీ అక్కర్లేదు, పాత్రలు తీసి అల్మరాలు తుడిచి పెడితే చాలు.

స్ప్రే అయిన సాయంత్రమే ఫినాయిల్ వేసి ఇల్లంతా తుడిస్తే గోడ వారన కొట్టిన మందు పోతుంది. నడిచే చోటు తుడుచుకోండి, గోడ వార జానెడు మేర వారం పాటు వదిలేయండి. మందు కలిపే నీళ్లు వంటింటి బకెట్‌లో కలపనివ్వకండి. మిగిలిన ద్రావణం, ఖాళీ డబ్బా వాళ్లే తీసుకెళ్లాలి. వెళ్లే ముందు సర్వీస్ షీటు మీద మందు పేరు, వాడిన మిల్లీలీటర్లు, తేదీ రాయించి ఫోటో తీసి పెట్టుకోండి. వచ్చే ఏడు రెన్యువల్ కోసం ఫోన్ వచ్చినప్పుడు ముందు ఆ ఫోటోలు తెరిచి, చెప్పిన రాకల్లో నిజంగా ఎన్ని జరిగాయో లెక్కపెట్టి, ఆ తర్వాతే రేటు మాట్లాడండి.